కారం ప్యాకెట్ తూకం నిలకడగా రావాలంటే: కంట్రోల్ చార్ట్ వేసే పద్ధతి

"ప్యాకెట్ మీద వంద గ్రాములని వేశాం. కాటా మీద పెడితే ఒకటి 103 వస్తుంది, ఇంకొకటి 99. పెంచితే సరుకు పోతోంది, తగ్గిస్తే తూనికలు కొలతల శాఖ భయం. ఏం చేయమంటారు?" గుంటూరు చుట్టుపక్కల కారం పట్టి ప్యాక్ చేసే యూనిట్ల వాళ్లు తిప్పి తిప్పి అడిగేది ఇదే. ఆటోనగర్ మెషీన్ షాపుల వాళ్లు అడిగేదీ ఇంచుమించు ఇదే, గ్రాముల బదులు మిల్లీమీటర్లు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు మొదటి నుంచి చివరి దాకా ఇక్కడ రాస్తున్నాను. పదో తరగతి లెక్కలు వస్తే చాలు. కంప్యూటర్ లేకపోయినా పనవుతుంది.

ముందుగా ఒక్క మాట. ఏ మెషీన్ అయినా ప్రతి ప్యాకెట్‌నీ ఒకేలా నింపదు. కొంత తేడా దాని స్వభావంలోనే ఉంటుంది. ఇంకొంత తేడా ఏదో జరిగినందువల్ల వస్తుంది: పౌడర్ మారింది, హాపర్ (మెషీన్ మీద పొడి పోసే తొట్టి) ఖాళీ అయింది, బోల్టు వదులైంది. మొదటి రకం తేడాకి మెషీన్ తిప్పితే తూకం ఇంకా చెడుతుంది. రెండో రకం తేడా వచ్చినప్పుడు తిప్పకుండా ఊరుకుంటే నష్టం. ఏది ఏ రకమో కళ్లతో చూసి చెప్పడం ఎంత అనుభవం ఉన్న ఆపరేటర్‌కైనా కష్టం. అందుకే 1924లో అమెరికాలో వాల్టర్ షూహార్ట్ ఈ కంట్రోల్ చార్ట్ కనిపెట్టాడు: కొలతల్ని చుక్కలుగా పెట్టి, పైనా కిందా లెక్క కట్టిన హద్దు గీతలు గీసే గ్రాఫ్ ఇది. మన గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ పిలిస్తే 1947-48లో షూహార్ట్ మన దేశానికి వచ్చి ఫ్యాక్టరీల వాళ్లకి స్వయంగా చెప్పి వెళ్లాడు కూడా. సిద్ధాంతం ఇంతే, ఇక పని చూద్దాం.

కావలసినవి

0.1 గ్రాము చూపించే కాటా. ఒక గ్రాము చొప్పున చూపించే దుకాణం కాటా 100 గ్రాముల ప్యాకెట్‌కి పనికిరాదు. ఆ ఏడాది తూనికలు కొలతల శాఖ స్టాంపింగ్ అయి ఉండాలి.

100 గ్రాముల టెస్ట్ తూకం రాయి ఒకటి.

ఫిల్మ్ రోల్ నుంచి మెషీనే కట్ చేసి సీల్ వేసిన ఖాళీ కవర్లు 20.

గ్రాఫ్ కాగితాలు, పెన్సిలు, ఎర్ర పెన్ను, ఒక అట్ట. కావాలంటే ఎక్సెల్ వాడుకోండి. కానీ చార్ట్ మాత్రం ఆఫీసు గదిలో కాదు, మెషీన్ పక్కనే వేలాడాలి.

అన్నిటికంటే ముఖ్యం, అరగంటకోసారి ఐదు ప్యాకెట్లు తూచి రాసే మనిషి. ఆపరేటర్ అయితే మరీ మంచిది. ఎవరి చేతి కింద మెషీన్ ఉందో వాళ్లే చుక్క పెడితే ఆ చార్ట్ బతుకుతుంది. సాయంత్రం సూపర్‌వైజర్ వచ్చి అన్నీ ఒకేసారి నింపేస్తే అది రికార్డు మాత్రమే.

నిబంధన ఏమంటుందో ముందే తెలుసుకోండి

2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం 100 గ్రాముల ప్యాకెట్‌లో 4.5 గ్రాముల దాకా తక్కువ రావడాన్ని అనుమతించిన తేడాగా చూస్తారు. 200 గ్రాములకి 9 గ్రాములు, అర కిలోకి, కిలోకి 15 గ్రాములు. ఇది విని చాలామంది "అయితే 96 నింపినా ఫర్వాలేదు" అనుకుంటారు. చాలా ప్రమాదకరమైన పొరపాటు ఇది. ఆ తేడా ఒక్కో ప్యాకెట్‌కి. పరీక్షకి తీసిన ప్యాకెట్ల సగటు మాత్రం లేబుల్ మీద వేసిన బరువుకి తగ్గకూడదు. కాబట్టి మీరు కాపాడుకోవాల్సినవి రెండు: సగటు 100కి పైన ఉండాలి, ఏ ప్యాకెట్టూ 95.5 కిందికి పోకూడదు. ఈ రెండింటిలో యూనిట్లని ఇబ్బంది పెట్టేది ఎక్కువగా మొదటిదే.

1. కాటాని నమ్మవచ్చో లేదో చూడండి

100 గ్రాముల రాయిని పళ్లెం మధ్యలో, తర్వాత నాలుగు మూలల్లో పెట్టి చూడండి. అన్నిచోట్లా 99.9 నుంచి 100.1 లోపల రావాలి. తర్వాత ఒకే ప్యాకెట్‌ని పదిసార్లు తూచండి. మరొకరి చేత ఇంకో పదిసార్లు తూయించండి. 0.2 గ్రాముకి మించి తేడా వస్తే అక్కడే ఆగండి, ముందుకు వెళ్లొద్దు. మీరు మెషీన్ తేడా కొలవబోతున్నారు, కాటా తేడాని కాదు.

తేడా వస్తే నేను మొదట చూసేది ఫ్యాను. మన ఎండలకి స్టాండ్ ఫ్యాను లేకుండా ఎవరూ కూర్చోలేరు, నిజమే. కానీ ఆ గాలి నేరుగా పళ్లెం మీద పడితే 0.1 గ్రాము కాటా అంకె నిలవదు, 102.3, 102.6, 102.1 అంటూ ఊగుతూనే ఉంటుంది. కాటాకి మూడు వైపులా అట్టముక్కలు నిలబెడితే సరిపోతుంది. రెండోది బల్ల. కారం మర ఉన్న గదిలోనే కాటా పెడితే ఆ అదురు బల్లలోకి వస్తుంది. గోడకి ఆనించిన కడప బండ మీదికి మార్చండి. మూడోది పళ్లెం కింద పేరుకునే పొడి. షిఫ్టుకి రెండుసార్లు మెత్తటి బ్రష్‌తో దులిపి సున్నా చేయాలి.

2. ఖాళీ కవరు బరువు తేల్చుకోండి

20 ఖాళీ కవర్లని కలిపి తూచి 20తో భాగించండి. ఉదాహరణకి 64 గ్రాములు వస్తే ఒక్కోటి 3.2 గ్రాములు. కాటా మీద టేర్‌గా 3.2 పెట్టుకోండి, లేదా ప్రతి అంకెలోంచీ తీసేయండి. కొత్త రోల్ ఎక్కించినప్పుడల్లా ఇది మళ్లీ చేయాలి. ఫిల్మ్ మందం రోల్‌కీ రోల్‌కీ కొద్దిగా మారుతుంది. కవరుతో కలిపిన బరువు 101.5 చూసి సంతోషపడేవాళ్లు ఉన్నారు. అందులో కారం 98.3 మాత్రమే.

3. శాంపిల్ ఎలా తీయాలో ఖాయం చేసుకోండి

అరగంటకోసారి, మెషీన్ నుంచి వరసగా పడుతున్న ఐదు ప్యాకెట్లు తీయండి. వరసగా అన్నది ముఖ్యం. అట్టపెట్టెలోంచి తలో మూల నుంచీ ఏరితే ఆ ఐదూ వేర్వేరు సమయాల్లో పడ్డవి అవుతాయి. అప్పుడు మెషీన్ స్వభావపు తేడా, సమయంతో వచ్చే తేడా కలగాపులగం అయిపోతాయి.

మెషీన్‌కి రెండు హెడ్లు (పొడి నింపే మూతులు) ఉంటే రెండు చార్ట్‌లు వేయండి. రెండు హెడ్ల ప్యాకెట్లు కలిపి ఒకే చార్ట్ వేస్తే గీతలు వెడల్పుగా పడతాయి, చుక్కలన్నీ మధ్య గీతని అంటుకుని బుద్ధిగా కనిపిస్తాయి. అంతా బాగుందనిపిస్తుంది. లోపల ఒక హెడ్ 104, ఇంకో హెడ్ 100 నింపుతూ ఉండవచ్చు.

ఐదు కుదరకపోతే నాలుగో మూడో తీయండి, కింద ఇచ్చిన గుణకాలు మారతాయి, అంతే. 25 కిలోల బస్తాలు నింపేవాళ్లకి ఒక్కో బస్తానే ఒక శాంపిల్. దానికి వేరే పద్ధతి ఐదో మెట్టు చివర ఉంది.

4. రెండు రోజులు మెషీన్ ముట్టుకోకుండా రాయండి

అందరూ తడబడేది ఇక్కడే. 25 శాంపిళ్లు పూర్తయ్యే దాకా సెట్టింగ్ తిప్పకూడదు. అరగంటకొకటి చొప్పున రెండు రోజుల పని.

ఆపరేటర్‌కి ఇది చాలా కష్టం. ఏళ్ల తరబడి ప్యాకెట్ తక్కువొస్తే ఒక చుట్టు పెంచడం, ఎక్కువొస్తే తగ్గించడం చేతికి అలవాటైపోయింది. ఏటుకూరు రోడ్డులో ఒక యూనిట్‌లో ఆపరేటర్ ప్రతి రెండు మూడు ప్యాకెట్లకీ నాబ్ తిప్పుతూ ఉండేవాడు. అతను బద్ధకస్తుడు కాదు, అందరికంటే శ్రద్ధగలవాడు. ఆ శ్రద్ధే తూకాన్ని చెడగొడుతోంది. ప్రతి ప్యాకెట్‌లో వచ్చిన తేడాని పూర్తిగా సరిదిద్దుతూ పోతే సిగ్మా (తూకాలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) తగ్గదు సరికదా, సుమారు 1.4 రెట్లు అవుతుంది. ఎందుకంటే ఒక ప్యాకెట్ 2 గ్రాములు తక్కువ రావడం మెషీన్ స్వభావం అయితే, తర్వాతది ఎలాగూ మామూలుగానే వస్తుంది. మీరు 2 పెంచారు కాబట్టి అది 2 ఎక్కువ వస్తుంది. నమ్మకం కుదరకపోతే ఒక అరగంట ముట్టుకోకుండా 30 ప్యాకెట్లు, మరో అరగంట ప్రతి ప్యాకెట్‌కీ సరిచేస్తూ 30 ప్యాకెట్లు తూచి, ఏ జాబితాలో అంకెలు ఎక్కువ చెదిరాయో ఆపరేటర్‌నే చూడమనండి. నేను చెప్పిన దానికంటే అది బాగా పనిచేస్తుంది.

హెచ్చరిక: మొదలుపెట్టేటప్పటికే సగటు 100 కింద ఉంటే ముందు పైకి, 102 దగ్గరికి సెట్ చేసుకుని ఆ తర్వాత మొదలుపెట్టండి. చార్ట్ కోసం తక్కువ తూకం సరుకు మార్కెట్‌లోకి పంపకూడదు.

ఆ రెండు రోజులూ అంకెల పక్కన ఏం జరిగిందో కూడా రాయండి: కొత్త లాట్ పోశాం, కరెంటు పోయింది, రోల్ మార్చాం, టీకి వెళ్లాం. ఈ చిన్న రాతలే తర్వాత అక్కరకొస్తాయి.

5. లెక్క కట్టండి

ఒక శాంపిల్ చూద్దాం: 101.4, 102.8, 101.9, 103.2, 102.2. మొత్తం 511.5. సగటు 102.3. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే 103.2 – 101.4 = 1.8. ఇది రేంజ్. ప్రతి శాంపిల్‌కీ ఈ రెండు అంకెలే కావాలి.

25 శాంపిళ్లు అయ్యాక 25 సగటుల సగటు తీయండి. 25 రేంజ్‌ల సగటు తీయండి. మనకి 102.1, 2.6 వచ్చాయనుకుందాం.

సగటు చార్ట్ పై గీత: 102.1 + (0.577 × 2.6) = 103.6
సగటు చార్ట్ కింది గీత: 102.1 – (0.577 × 2.6) = 100.6
రేంజ్ చార్ట్ పై గీత: 2.114 × 2.6 = 5.5
రేంజ్ చార్ట్ కింది గీత: ఐదు ప్యాకెట్లకి సున్నా.

0.577, 2.114 అన్నవి ఐదేసి ప్యాకెట్లకి లెక్క కట్టి పెట్టిన గుణకాలు. నాలుగేసి తీస్తే 0.729, 2.282. మూడేసి అయితే 1.023, 2.574. శాంపిల్ సైజు మార్చి గుణకం మార్చడం మరిచిపోతే చార్ట్ మొత్తం తప్పవుతుంది.

బస్తాల వాళ్లు ఒక బస్తాకీ తర్వాతి బస్తాకీ మధ్య తేడా రాసుకుంటూ పోండి, ఎక్కువా తక్కువా అన్న గుర్తు వదిలేసి. ఆ తేడాల సగటుని 2.66తో హెచ్చించి, బస్తాల సగటుకి కలిపితే పై గీత, తీసేస్తే కింది గీత. తేడాల చార్ట్‌కి పై గీత కావాలంటే 3.267తో హెచ్చించాలి.

ఎక్సెల్‌లో చేసేవాళ్లకి ఒక జాగ్రత్త. 125 అంకెలకీ కలిపి స్టాండర్డ్ డీవియేషన్ ఫార్ములా వేసి దాన్ని మూడుతో హెచ్చించి గీతలు పెట్టేస్తుంటారు. అలా చేస్తే రోజంతా జరిగిన మార్పులు కూడా ఆ లెక్కలోకి వచ్చి గీతలు దూరం జరుగుతాయి. దొంగని కూడా కాపలాలో చేర్చుకున్నట్టే. గీతలు ఎప్పుడూ రేంజ్‌ల సగటు నుంచే రావాలి.

6. గీతలు గీసి, ముందు రేంజ్ చార్ట్ చదవండి

గ్రాఫ్ కాగితం పై సగంలో సగటు చార్ట్, కింది సగంలో రేంజ్ చార్ట్. మధ్య గీత పెన్సిలుతో, పై కింది గీతలు ఎర్ర పెన్నుతో.

రేంజ్ చార్ట్‌లో చుక్కలు 5.5 దాటుతుంటే సగటు చార్ట్ జోలికి ఇంకా వెళ్లకండి. రేంజ్ నిలకడగా లేనప్పుడు దాని మీద కట్టిన సగటు గీతలకి అర్థం లేదు. దాటిన చుక్క దగ్గర ఏం జరిగిందో మీ రాతల్లో వెతకండి. కారణం దొరికి, దాన్ని సరిచేస్తేనే ఆ శాంపిల్‌ని తీసేసి గీతలు మళ్లీ లెక్క కట్టండి. కారణం దొరక్కపోతే ఉంచేయండి. చార్ట్ అందంగా కనిపించాలని చుక్కలు చెరిపేయడం మొదలుపెడితే ఇక దాని వల్ల ఉపయోగం లేదు.

రేంజ్‌లన్నీ రెండు మూడు అంకెలే తిరిగి తిరిగి వస్తుంటే, ఉదాహరణకి 2, 3, 2, 2, 3, మీ కాటా మొరటుగా ఉందని అర్థం. మొదటి మెట్టుకి వెళ్లండి.

7. రోజువారీ చదవడం

ఇక గీతలు ఖాయం. అరగంటకోసారి ఐదు ప్యాకెట్లు, రెండు చుక్కలు. మూడే మూడు సందర్భాల్లో చర్య తీసుకోండి:

చుక్క ఎర్ర గీత దాటితే.
వరసగా ఎనిమిది చుక్కలు మధ్య గీతకి ఒకే పక్కన పడితే.
వరసగా ఆరు చుక్కలు ఎక్కుతూ పోయినా, దిగుతూ పోయినా.

పుస్తకాల్లో ఇంకా చాలా నియమాలుంటాయి. అన్నీ పెట్టుకోవద్దు. ఏ తప్పూ జరగకపోయినా సగటున 370 చుక్కలకి ఒకటి ఎర్ర గీత దాటుతుంది, కేవలం యాదృచ్ఛికంగా. నియమాలు పెంచిన కొద్దీ ఇలాంటి ఉత్తుత్తి హెచ్చరికలు పెరుగుతాయి. నాలుగుసార్లు ఉత్తినే పరిగెత్తిన ఆపరేటర్ ఐదోసారి కదలడు.

చుక్క గీతల లోపలే ఉంటే? ముట్టుకోవద్దు. 101.2 వచ్చినా సరే, ఒక్క ప్యాకెట్ 99.4 వచ్చినా సరే.

8. చుక్క బయటికి పోతే ఏం వెతకాలి

ఆగర్ ఫిల్లర్ అంటే స్క్రూలాంటి ఆగర్ తిరిగి పొడిని కవర్లోకి తోసే మెషీన్. అది తూచి నింపదు, చుట్లు లెక్కపెట్టి నింపుతుంది. అంటే అది ఇచ్చేది ఘనపరిమాణం. అదే చోటులో పట్టే కారం బరువు మారితే తూకం మారుతుంది. ఇది మనసులో పెట్టుకుంటే సగం కారణాలు మీకే తడతాయి. చాలావరకు, సగటు కదిలితే పౌడర్ వైపు చూడాలి, రేంజ్ పెరిగితే మెషీన్ వైపు చూడాలి.

సగటు కదిలినప్పుడు:

మర నుంచి అప్పుడే దిగిన కారం వేడిగా, గాలి పట్టి పొంగినట్టు ఉంటుంది. దాన్ని నేరుగా హాపర్‌లో పోస్తే తూకం తగ్గుతుంది. పరిచి చల్లార్చి, జల్లించి పోయాలి. ఉదయం మామూలుగా ఉండి మధ్యాహ్నం నుంచి చుక్కలు దిగుతుంటే మొదట దీన్నే అనుమానించండి.

లాట్ మారడం. తేజ కారం వేరు, గుంటూరు దగ్గరి లాం వ్యవసాయ పరిశోధన ఫారంలో పుట్టిన 334 రకం కారం వేరు. తోలు, గింజ పాళ్లు మారితే పొడి సాంద్రత మారుతుంది. జల్లెడ మెష్ మారినా అంతే. కొత్త లాట్ పోసినప్పుడల్లా చార్ట్ మీద నిలువు గీత గీసి లాట్ నంబరు రాయండి.

తేమ. మిర్చి యార్డుకి కొత్త కాయ వచ్చే జనవరి నుంచి మే దాకా ఒక తీరు, తర్వాత కోల్డ్ స్టోరేజీ కాయతో నడిచే నెలల్లో ఇంకో తీరు. స్టోరేజీ నుంచి తీసిన కాయకి బయటి గాలి తగలగానే చెమ్మ పడుతుంది. సరిగా ఆరకుండా పట్టిస్తే కారం ఉండకట్టి ఆగర్‌లో సాఫీగా దిగదు. కారంలో తేమ 11 శాతం మించకూడదన్న ఆహార భద్రతా ప్రమాణం ఎలాగూ ఉంది. దాన్ని పాటిస్తే తూకం కూడా కుదుటపడుతుంది.

హాపర్ మట్టం. నిండుగా ఉంటే పై బరువుకి పొడి అణిగి ఎక్కువ పడుతుంది, అడుగంటితే తక్కువ. సగానికి దిగకుండా పోస్తూ ఉండండి. చుక్కలు మెల్లగా 102.4, 102.2, 101.9, 101.7, 101.4, 101.2 అని దిగి, హఠాత్తుగా మళ్లీ 102.5కి ఎగిరితే అది హాపర్ కథే.

రేంజ్ పెరిగినప్పుడు: ఆగర్ కింద పేరుకున్న ఉండ, వదులైన కప్లింగ్, లోపల కలియబెట్టే బ్లేడు ఆగిపోవడం, ఫిల్మ్ జారి కవరు చిన్నదీ పెద్దదీ కావడం, సీలింగ్ దవడల మధ్య కారం పడి కవరు సగంలో పట్టేయడం.

కారణం దొరికి సరిచేశాక వెంటనే ఇంకో ఐదు ప్యాకెట్లు తూచి చుక్క లోపలికి వచ్చిందో లేదో చూడండి. పౌడర్ మారడమే కారణమై సెట్టింగ్ తిప్పక తప్పకపోతే, ఒక్క ప్యాకెట్ చూసి కాదు, రెండు శాంపిళ్ల సగటు చూసి తిప్పండి. సగటు 100.0 వస్తోంది, రావాల్సింది 102.1. అంటే సుమారు 2 శాతం తక్కువ. మెషీన్ మీద చుట్ల సెట్టింగ్ అంకె 400 ఉంటే 408 చేయండి. ఒకేసారి తిప్పి వదిలేయండి. ఎర్ర గీత దాటిన సమయానికీ అంతకు ముందు శాంపిల్‌కీ మధ్య నిండిన పెట్టెల్ని పక్కన పెట్టి తూచి పంపండి, ముఖ్యంగా చుక్క కిందికి దాటితే.

9. సెట్టింగ్ ఎంత దాకా తగ్గించవచ్చు

యజమానులు ఎదురుచూసేది దీనికోసమే. కానీ పై మెట్లన్నీ దాటి, చార్ట్ కనీసం రెండు వారాలు నిలకడగా ఉన్నాకే దీని జోలికి రావాలి.

రేంజ్ సగటుని 2.326తో భాగిస్తే సిగ్మా: 2.6 ÷ 2.326 = 1.12 గ్రాములు. దాదాపు అన్ని ప్యాకెట్లూ సగటుకి అటూ ఇటూ మూడు సిగ్మాల లోపలే పడతాయి, అంటే 3.35. ఇప్పుడు ఒక్కో ప్యాకెట్ 102.1 – 3.35 = 98.7 నుంచి 105.5 దాకా పడుతోంది. 95.5కి చాలా ఎత్తులో ఉన్నాం. సగటుని 101కి దించితే ఒక్కో ప్యాకెట్ 97.6 నుంచి 104.4 మధ్య ఉంటుంది. అదీ ఫర్వాలేదు. మరి సగటు నిబంధన? ఒకవేళ 32 ప్యాకెట్లు తీసి చూస్తే వాటి సగటులో ఊగిసలాట 1.12ని 32 వర్గమూలంతో భాగించినంత, అంటే 0.2. మూడు రెట్లు వేసుకున్నా 0.6. 101 నుంచి 0.6 పోయినా 100.4. నిలుస్తుంది. లెక్క ప్రకారం 100.6 దాకా దిగవచ్చు. నేను మాత్రం దిగొద్దంటాను. పౌడర్ మారినప్పుడు చార్ట్ పసిగట్టే లోపు జరిగే కదలికకి కొంత చోటు ఉండాలి.

102.1 నుంచి ఒకేసారి 101కి రావద్దు. ఒక వారం 101.5 దగ్గర నడపండి, కుదిరాక 101. గీతలు 101 చుట్టూ మళ్లీ గీయండి: 99.5, 102.5. కింది గీత 100 కింద పడిందని కంగారు పడకండి. ఐదు ప్యాకెట్ల సగటు అప్పుడప్పుడు 99.8 వచ్చినంత మాత్రాన లాట్ సగటు 100 కింద ఉన్నట్టు కాదు.

రోజుకి 20,000 ప్యాకెట్లు వేసే యూనిట్ అయితే ఈ 1.1 గ్రాము రోజుకి 22 కిలోలు. కిలో 300 రూపాయలు వేసుకుంటే రోజుకి 6,600. మీ ధర, మీ లెక్క వేసుకుని చూడండి.

సిగ్మానే 2 గ్రాములు దాటి ఉంటే సగటు దించే ఆలోచన మానేసి ముందు ఆ తేడా తగ్గించండి. డబ్బు అక్కడుంది.

సీలింగ్ లీకుల సంగతి

లీకు కొలిచేది కాదు, లెక్కపెట్టేది. గంటకి 50 ప్యాకెట్లు చేత్తో నొక్కి చూసి, గాలి పోతున్నవి ఎన్నో రాయండి. ఎప్పుడూ 50 మాత్రమే, ఒకసారి 50 మరోసారి 30 కాదు. 25 గంటల సగటు 2 వచ్చిందనుకోండి, అంటే 4 శాతం. పై గీత 2 + 3 × (2 × 0.96 వర్గమూలం) = 6.2. ఏడు లీకులు కనిపిస్తే మెషీన్ ఆపి దవడల వేడి, ఒత్తిడి, వాటి మీది పొడి చూడాలి. నాలుగో ఐదో వచ్చాయని ఆ గంట ఆపరేటర్‌ని తిట్టడంలో అర్థం లేదు. 4 శాతం లీకు తగ్గాలంటే మార్చాల్సింది పద్ధతిని: ఫిల్మ్, దవడలు, పొడి రాలకుండా చూసే ఏర్పాటు. అది యాజమాన్యం పని.

ఆటోనగర్ వాళ్లకి

లేత్ మీద తిప్పే పిన్నులకీ ఇదే పద్ధతి, మూడు తేడాలతో. ఒకటి, కొలిచే పరికరం. టాలరెన్స్ (సైజులో అనుమతించిన తేడా) మొత్తం 0.02 మిల్లీమీటర్లు ఉంటే 0.01 చూపించే మైక్రోమీటర్ సరిపోదు. టాలరెన్స్‌లో పదో వంతు అయినా చూపించగలగాలి. రెండు, ఇప్పుడే తిప్పిన పిన్ను వేడిగా ఉంటుంది, చల్లారాక కొలవండి. మూడు, టూల్ అరిగే కొద్దీ సైజు పెరుగుతూ పోతుంది కాబట్టి చుక్కలు సహజంగానే ఎక్కుతాయి. ఆ ఏటవాలుని తప్పుగా చూడొద్దు. ఎన్ని పిన్నులకి ఎంత ఎక్కుతోందో చార్టే చెబుతుంది. పై హద్దు చేరకముందే ఎన్నో పిన్ను దగ్గర టూల్ సరిచేయాలో దాన్నిబట్టి ఖాయం చేసుకోవచ్చు.

తరచూ జరిగే పొరపాట్లు

సగటు చార్ట్ మీద 95.5 గీత గీయడం. అది ఒక్కో ప్యాకెట్ హద్దు. ఐదు ప్యాకెట్ల సగటు ఉన్న కాగితం మీద దానికి చోటు లేదు. అది కనిపిస్తే ఆపరేటర్ "ఇంకా చాలా ఎత్తులో ఉన్నాం" అనుకుని ఎర్ర గీత దాటినా ఊరుకుంటాడు.

తక్కువ వచ్చిన ప్యాకెట్‌ని పక్కన పడేసి ఇంకొకటి తూచడం. శాంపిల్‌లో ఏది వస్తే అది రాయాలి.

అంకెల్ని దగ్గరి గుండ్రటి అంకెకి సర్దేయడం. 101.4ని 101.5 అని, 98.7ని 99 అని. పుస్తకంలో అన్నీ .0, .5తో ముగుస్తుంటే అవి కాటా చూసి రాసినవి కాదు.

బాగా నడుస్తున్న మొదటి షిఫ్టులోనే శాంపిళ్లన్నీ తీసేయడం. రాత్రి షిఫ్టు, భోజనం తర్వాత మొదటి అరగంట, మెషీన్ ఆగి మొదలైన తర్వాతి సమయం, ఇవి తప్పకుండా చార్ట్‌లో ఉండాలి.

అన్నిటికంటే పెద్దది, ఎర్ర గీత దాటిన ప్రతిసారీ ఆపరేటర్ జీతం కోస్తామనడం. మర్నాటి నుంచి ఏ చుక్కా గీత దాటదు. తూకం మాత్రం అలాగే ఉంటుంది. చుక్క బయటపడితే చెప్పినందుకు అతన్ని మెచ్చుకోవాలి.

పని జరుగుతోందా లేదా ఎలా చూడాలి

వారానికోసారి కారం లెక్క సరిచూడండి. 1,000 కిలోలు హాపర్‌లో పోశారు, 9,700 ప్యాకెట్లు వచ్చాయి, చార్ట్ సగటు 102.1 అంటోంది. 9,700 × 102.1 అంటే 990.4 కిలోలు. మిగతా 9.6 కిలోలు రాలినది, దులిపినది, లీకు ప్యాకెట్లది. ఆ వృథాని విడిగా తూస్తే దాదాపు అంతే రావాలి. 20 కిలోలు తేడా వస్తే చార్ట్ మీద రాసిన తూకాలు నిజం కాదు, లేదా కాటా సున్నా పక్కకి జరిగింది, లేదా టేర్ తప్పు.

నెలకోసారి, చెప్పకుండా, గోడౌన్‌లో కట్టిన పెట్టెల్లోంచి 30 ప్యాకెట్లు తీసి తూచండి. కవర్లు కత్తిరించి ఖాళీ కవరు బరువు కూడా చూడండి. వాటి సగటు ఆ రోజు చార్ట్ సగటుకి అర గ్రాము లోపల ఉండాలి.

గీతలు ఊరికే మార్చకండి. ఆగర్ మార్చినా, సరుకు రకం శాశ్వతంగా మారినా, లేదా నిజంగా మెరుగుపరిచి రేంజ్ తగ్గినా మళ్లీ 25 శాంపిళ్లు తీసి కొత్త గీతలు వేయండి. పాత చార్ట్‌లు పారేయొద్దు, తారీఖు వేసి ఫైల్‌లో పెట్టండి. వచ్చే ఏడాది కోల్డ్ స్టోరేజీ కాయ మొదలైన వారం చుక్కలు ఎటు నడిచాయో చూడాలంటే ఆ ఫైలే కావాలి.